తీతువమ్మ నేర్చుకున్న నడక

ఒకప్పుడు తీతువు పిట్టకు కుంటడమంటే ఏమిటో తెలియదు. ఆ మాటే ఎప్పుడూ విన్నది కాదు.

వినాల్సిన అవసరం ఏముంది చెప్పండి? కాలికి ముల్లు గుచ్చుకుంటే మేక కుంటుతుంది, కుక్క కుంటుతుంది, మీరూ నేనూ కూడా కుంటుతాం. ఆకాశంలో ఎగిరే పిట్టకేం ఖర్మ? కాలు నొస్తే రెక్కలు విప్పుకుని లేచిపోతుంది. ఇక నడిచే బాధే ఉండదు.

పైగా మన తీతువమ్మకు తన నడకంటే మహా గర్వం. సన్నగా, పొడుగ్గా, పసుప్పచ్చటి కాళ్ళు. బీడులో టకటకా నాలుగడుగులు వేసేది. ఠక్కున ఆగేది. మెడ ఎత్తి ఇటూ అటూ చూసి మళ్ళీ నాలుగడుగులు వేసేది. "ఏమయ్యా, చూశావా నా నడక?" అని మొగుణ్ని రోజుకు పదిసార్లు అడిగేది. "చూశాన్లేవే, చూశాన్లే" అంటూ ఆయన పురుగుల్ని ఏరుకునేవాడు. పాపం, అన్నిసార్లు ఏం చూస్తాడు!

వాళ్ళుండే చోటు ఎర్రనేలల సీమ. చెట్లు తక్కువ, రాళ్ళు ఎక్కువ. కొండ దిగువన పెద్ద బీడు, బీడు నిండా గులకరాళ్ళు. తీతువమ్మది కొమ్మను పట్టుకునే కాలు కాదు. అందుకని చెట్టెక్కి గూడు కట్టుకోవడం కుదరదు. బీడులోనే రొమ్ముతో నేలను కాస్త గుంట చేసి, చుట్టూ నాలుగు రాళ్ళు పేర్చి, అందులో నాలుగు గుడ్లు పెట్టేది. మట్టిరంగు గుడ్లు, వాటి మీద నల్లచుక్కలు. రాయేదో గుడ్డేదో పక్కనే నిలబడి చూసినా తెలియదు. నక్క కంట పడకూడదని అలా పెట్టాడు దేవుడు.

నక్కకు కనబడలేదు, బాగానే ఉంది. గొర్రెలక్కూడా కనబడకపోతే ఎలా?

అక్కడే వచ్చింది చిక్కు. కరెన్న అని ఒక గొర్రెలకాపరి ఉండేవాడు. భుజాన గొంగళి, కాళ్ళకు కిర్రుకిర్రుమనే తోలుచెప్పులు, మొలకు ముల్లు తీసే చిమటా. ఆయన వెనకాల సద్దిబుట్ట నెత్తిన పెట్టుకుని ఆయన భార్య నింగమ్మ. వాళ్ళ ముందు నూటయాభై గొర్రెలు. రోజూ పొద్దున ఆ బీడు దాటే కొండకు పోతారు, సాయంత్రం ఆ బీడు దాటే వెనక్కి వస్తారు.

ఆ ఏడు తీతువమ్మ మొదటిసారి గుడ్లు పెట్టిన నాలుగో రోజున మంద సరిగ్గా గూడు వైపే వచ్చింది. తీతువమ్మ పైకి లేచి కరెన్న తల చుట్టూ తిరుగుతూ "టిట్టీ టిట్టీ టీ! అటు తిప్పయ్యా! అటు తిప్పు!" అని గొంతు చించుకుంది.

కరెన్న తల ఎత్తి చూశాడు. మొహం మాడ్చుకున్నాడు.

"థూ! పొద్దుపొద్దున్నే తీతువు కూసిందేందిమే! దీని కూత చెవిన పడితే ఏదో ఒక కీడు తప్పదంటారు. పదపద! ఈ జాగా తొందరగా దాటి పోదాం" అని కర్ర ఎత్తి గొర్రెల్ని అదిలించాడు.

గొర్రెలు పరుగెత్తాయి. ఎటు పరుగెత్తాయి? ఎదురుగా ఉన్న వైపే. దుమ్ము లేచింది. దుమ్ము అణిగాక చూస్తే గుంటలో పెంకులు మిగిలాయి.

తీతువమ్మ ఆ రోజంతా ఏమీ తినలేదు. మొగుడు ఒక పురుగును తెచ్చి ముందు పెట్టినా ముట్టుకోలేదు.

కొన్నాళ్ళకు మళ్ళీ నాలుగు గుడ్లు పెట్టింది. ఈసారి ముందే గాలి దగ్గరికి వెళ్ళింది. "గాలయ్యా, నా గొంతు కరెన్న చెవికి సరిగ్గా అందడం లేదు. కాస్త మోసుకుపోయి పెడతావా?" అని అడిగింది.

"దానికేం, అలాగే" అన్నాడు గాలి. మంచివాడే. మంద వచ్చిన రోజున తీతువమ్మ కూతను రెండు చేతులా ఎత్తుకుపోయి కరెన్న చెవిలో పోశాడు. ఇంకేముంది! కరెన్న చెవులు మూసుకుని, "చెవిలోనే కూసినట్టుందే నాయనా!" అంటూ మందను ఇంకా వేగంగా తరిమాడు. రెండోసారి పెట్టినవీ పోయాయి.

"నువ్వు చెప్పినట్టే చేశాను కదమ్మా" అన్నాడు గాలి తల దించుకుని.

"నీ తప్పేం లేదులే. నేను ఎంత గట్టిగా అరిస్తే ఆయన అంత గట్టిగా పరుగెత్తుతున్నాడు. నా గొంతే నాకు శత్రువైంది" అంది తీతువమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

మూడోసారి గుడ్లు పెట్టేసరికి కొండ మీద మబ్బులు మూగుతున్నాయి. వానలు పడ్డాయంటే బీడంతా చిత్తడి. ఆ తర్వాత గుడ్లు పెట్టడానికి చోటూ ఉండదు, రోజులూ ఉండవు. ఆ ఏటికి ఆ నాలుగే ఆఖరు.

"ఈసారి ఇవి కూడా పోతే ఈ ఏడు మనకు పిల్లల్లేనట్టే" అన్నాడు మొగుడు. తీతువమ్మ గుడ్ల మీద కూచుని మంద వచ్చే దోవ వైపే చూస్తూ ఉంది.

అలా పొదుగుతూ చాలా రోజులు గడిచాక, ఒక పొద్దున ఒక సంగతి కంటపడింది.

మంద ఇంకా దూరంగా, బీడు అంచున ఉంది. నూటయాభై గొర్రెల్లో ఒకటి వెనకబడింది. నెత్తిన తెల్లమచ్చ ఉన్న గొర్రె, దాని పేరు బొల్లి. మూడు కాళ్ళు నేల మీద ఆనిస్తోంది, నాలుగోదాన్ని ఆనించీ ఆనించకుండా ఎత్తేస్తోంది. ఒళ్ళంతా ఒక పక్కకు ఒరిగి లేస్తోంది. అంత వికారమైన నడకను తీతువమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

కరెన్న చూశాడు. చూసీ చూడగానే నోట్లోంచి "డుర్ర్ర్... హో!" అని ఒక కేక వచ్చింది. అంతే! నూటయాభై గొర్రెలూ ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. ఎత్తిన కాలు కూడా కిందపెట్టలేదు కొన్ని. కరెన్న బొల్లి దగ్గరికి పోయాడు. గొంగళి పరిచి కూచున్నాడు. దాని కాలు ఒళ్ళో పెట్టుకుని చిమటాతో ముల్లు లాగాడు. లాగిన చోట ఉమ్మి రాసి, బుజ్జగించి, లేపి నిలబెట్టాడు. అంతసేపూ మంద కదలలేదు.

తీతువమ్మ నోరు తెరుచుకుని చూసింది. నేను తల మీద తిరిగి అరిచినా ఆగని మనిషి, ఆ ముసలి గొర్రె కాలు ఎత్తేసరికి ఆగిపోయాడేమిటి అనుకుంది.

సాయంత్రం మంద తిరిగొచ్చి వంక గట్టున మేస్తుంటే తీతువమ్మ బొల్లి దగ్గరికి టకటకా నడిచి వెళ్ళింది.

"బొల్లక్కా, పొద్దున నువ్వు నడిచిన నడక ఏమిటి?"

"అదా? కుంటినాను" అంది బొల్లి, గడ్డి నములుతూ.

"కుంటడమంటే?"

"నీకు తెలీదా? అవునులే, నీకెట్ల తెలుస్తుంది. ఒక కాలు నొస్తాదనుకో. దాని మీద బరువు మోపలేం. తక్కిన కాళ్ళు దాని బరువు కూడా మోస్తాయి. అప్పుడు నడక వంకరపోతాది. ఆ నడిచేదాన్నే కుంటడం అంటారు. మా మందలో ఆ మాట వినబడితే చాలు, అందరమూ ఆగాలంతే."

"కుంటుతోంది అంటే ఆగమని అర్థమా?"

"మాకు అంతే. ఒకటి కుంటితే మందంతా నిలబడాల. కరెన్నకు వాళ్ళ నాయన నేర్పినాడు, ఆయనకు వాళ్ళ నాయన. కుంటేదాన్ని వదిలిపెట్టి పోతే వాడు కాపరే కాదంట. కళ్ళ ముందు ఏది కుంటినా సరే, ఆయన నోట్లోంచి ఆ కేక దానంతటదే వస్తాది. ఒకసారి సంతదోవలో ఎవరిదో గాడిద కుంటితే కూడా మమ్మల్ని ఆపినాడు. ఎండలో నిలబడలేక సచ్చినాం" అని బొల్లి తల విదిలించింది.

తీతువమ్మ కళ్ళు మెరిశాయి. "అక్కా, నాకు కుంటడం నేర్పవా?"

బొల్లి నమలడం ఆపేసింది. "నీకు పిచ్చా యేంది? కుంటడం ఎవరైనా నేర్చుకుంటారా?"

"నాకు కావాలక్కా. నా గుడ్ల కోసం."

బొల్లికి ఆ మాటతో మనసు కరిగింది. అదీ తల్లే కదా, దానికి మాత్రం తెలియదా? అయితే ఒక చిక్కు. గొర్రెకు నాలుగు కాళ్ళు, పిట్టకు రెండే. ఒక కాలు ఎత్తితే మిగిలేది ఒకటే. తీతువమ్మ ఒక అడుగు వేసి బోర్లాపడింది. రెండో అడుగు వేసి ముక్కు నేలకు కొట్టుకుంది. చివరికి ఒక రెక్కను కిందికి జార్చి నేల మీద ఆనించి, దాన్ని ఊతంగా ఈడుస్తూ నాలుగడుగులు వేసింది.

"అబ్బ! నిజంగా నొచ్చినట్టే ఉండాదే!" అంది బొల్లి.

ఇంటికొచ్చి మొగుడి ముందు కుంటి చూపించింది. ఆయన పడీపడీ నవ్వాడు. "రోజుకు పదిసార్లు నడక చూడమనేదానివి, ఇదేం నడకే! ఊళ్ళో పిట్టలు చూస్తే ఏమంటాయి?"

"ఏమన్నా అనుకోనీ."

"సరే, అనుకోనీ. కానీ ఒకటి ఆలోచించావా?" ఆయన నవ్వు ఆపేశాడు. "కుంటేదాన్ని చూసి కరెన్న ఆగుతాడేమో. నక్క ఆగదు. మందలో కుంటేదాన్నే నక్క ముందు పట్టుకుపోతుంది. నువ్వు కుంటావంటే 'నన్ను తిను' అని పిలిచినట్టే. నాకు భయంగా ఉందే."

తీతువమ్మకూ భయం వేసింది. అయినా కిందున్న గుడ్లను ముక్కుతో సర్దుకుని కూచుంది.

మర్నాడు మధ్యాహ్నమే మబ్బు కమ్మింది. కొండ మీద ఉరుము ఉరిమింది. వాన వచ్చేలోగా మందను ఊరు చేర్చాలని కరెన్న పరుగున తోలుకొస్తున్నాడు. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, తలలు వంచుకుని సరిగ్గా గూడు వైపే వస్తున్నాయి.

తీతువమ్మ గొంతు దాకా కూత వచ్చింది. గట్టిగా మింగేసింది. నోరెత్తకుండా వెళ్ళి మంద ముందర నేల మీద నిలబడింది. కుడి రెక్క జార్చింది. ఆ పక్క కాలు సగమే ఆనించింది. అంత అందంగా నడిచే తల్లి, అందరూ చూస్తుండగా, దుమ్ములో రెక్క ఈడ్చుకుంటూ కుంటింది.

"డుర్ర్ర్... హో!"

కేక వచ్చేసింది! కరెన్న అనుకుని వేసిన కేక కాదు. నోటికి అలవాటైన కేక, దానంతటదే వచ్చింది. ముందున్న పొట్టేలు గూటికి ఆరడుగుల దూరంలో కాళ్ళు బిగబట్టి ఆగింది. వెనకవి దాని మీద పడి ఆగాయి.

"ఏమయ్యా, వాన నెత్తిన పెట్టుకుని ఆపినావేంది?" అంది నింగమ్మ వెనకనుంచి.

"పిట్టమే. కాలు ఇరిగినట్టుంది పాపం. రెక్క గూడా" అంటూ కరెన్న ముందుకొచ్చాడు. వంగి చెయ్యి చాచాడు. తీతువమ్మ రెండడుగులు పక్కకు కుంటింది. ఆయన రెండడుగులు వేశాడు. ఆమె ఇంకో నాలుగు కుంటింది. "ఉండు తల్లీ, ఉండు, ఏం చెయ్యనులే" అంటూ ఆయన వెనకే నడిచాడు. కాపరి ఎటు పోతే మంద అటే కదా? నూటయాభై గొర్రెలూ ఆయన వెనకాల పక్కకు తిరిగాయి.

గూడు బాగా దూరమయ్యాక తీతువమ్మ రెక్కలు రెండూ విప్పి చివ్వున పైకి లేచింది.

కరెన్న చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. "ఓసినీ! ఎంత దొంగ కుంటు కుంటినావే!"

అప్పుడే నింగమ్మ అరిచింది. "ఇదో, ఈడ చూడు! అడుగు తీసి అడుగు వెయ్యొద్దు! గుడ్లుండాయి, నాలుగు. ఎన్నాళ్ళనుంచి ఈ దోవన పోతాండామో, ఇన్నాళ్ళూ రాళ్ళనుకుంటిమి."

కరెన్న వచ్చి గుడ్ల వైపు చూశాడు. పక్కనే పాతగుంటలో మట్టిలో కలిసిన పెంకుల్ని చూశాడు. ఆయనకు సంగతి మెల్లగా అర్థమైంది. పక్కనున్న రాయి మీద వాలిన తీతువమ్మ వైపు తిరిగాడు.

"అంతకుముందు నా తల మీద అరిచింది ఇందుకేనా?"

"ఇందుకేనయ్యా. అటు తిప్పమనే అరిచాను. రెండుసార్లు" అంది తీతువమ్మ. ఈసారి ఆ కూత కరెన్నకు మాటల్లా వినబడింది.

కరెన్న తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "అరిస్తే కీడని పరుగెత్తితిని. నీకు కీడు చేసింది నేనే. తప్పయిపోయింది తల్లీ. ఇకనుంచి నా మంద ఈ పక్క తొక్కితే ఒట్టు" అన్నాడు. నింగమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. వాన మొదలైనా ఇద్దరూ తొందరపడకుండా, ఒక్కో గొర్రెనూ చూసుకుంటూ చుట్టూ తిప్పి తోలుకుపోయారు.

హమ్మయ్య అనుకున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. కానీ కరెన్న మాట ఇచ్చాడు గానీ, నక్క ఎవరికి మాట ఇచ్చింది?

నాలుగు రోజుల తర్వాత తెల్లవారుతుండగా గుడ్లలోంచి టిక్ టిక్ మని చప్పుడు మొదలైంది. పిల్లలు లోపలినుంచి పెంకును పొడుస్తున్నాయి. "వస్తున్నారు! వస్తున్నారు!" అని మొగుడు రెక్కలు టపటపలాడించాడు. ఆ చప్పుడు ఇంకో చెవిన కూడా పడింది. మంద వెనకాలే తిరిగే నక్క పొదలోంచి ముక్కు బయటపెట్టింది.

ఎగిరి తప్పించుకోవచ్చు తల్లి. పగిలీపగలని గుడ్లలో పిల్లలు ఎలా ఎగురుతారు?

"నువ్వు కూచో, కదలకు" అని మొగుడితో చెప్పి తీతువమ్మ నక్క ముందరికి వెళ్ళింది. రెక్క జార్చింది. కుంటింది.

నక్క కళ్ళు ఇంతలయ్యాయి. "అయ్యో తీతువమ్మా, కాలు నొస్తోందా? రా, నేను మోసుకుపోతానులే" అంది పళ్ళు బయటపెట్టి.

"నొస్తోంది నక్కబావా, అడుగు పడటం లేదు" అంటూ తీతువమ్మ ముందుకు కుంటింది. నక్క వెంటపడింది. ఆమె తొందరగా కుంటితే నక్కకు అనుమానం వస్తుంది. మెల్లగా కుంటితే నోట్లో పడుతుంది. నక్క ఊపిరి తోక మీద వెచ్చగా తగులుతుంటే, ఎగరబోయే రెక్కలను బలవంతాన కిందే పట్టుకుని, ఒక్కో అడుగూ కుంటుకుంటూ వంక దాకా తీసుకుపోయింది. వంక దగ్గర నక్క ఎగిరి దూకింది. తోకలో రెండు ఈకలు దాని పళ్ళకు చిక్కాయి. ఈకలు దానికే వదిలేసి తీతువమ్మ ఆకాశంలోకి లేచింది. నక్క నోట్లోని ఈకల్ని ఉమ్ముకుంటూ వాన నీళ్ళతో పారుతున్న వంకలోకి జారిపడింది.

అప్పుడు తీతువమ్మకు తెలిసింది. కుంటేదాన్ని చూస్తే జాలిపడేవాడూ దగ్గరికొస్తాడు, ఆకలిగొన్నవాడూ దగ్గరికొస్తాడు. ఎవడొచ్చినా తన దగ్గరికే వస్తాడు. గుడ్ల దగ్గరికి మాత్రం పోడు. అంతకంటే తనకేం కావాలి?

తిరిగొచ్చేసరికి నాలుగు పిల్లలు తండ్రి రెక్కల కిందనుంచి తొంగిచూస్తున్నాయి. తీతువమ్మ కిందికి దిగింది. ఇంకా వణుకు తగ్గలేదేమో, రెండడుగులు వంకరగానే వేసింది.

"అమ్మా, ఎందుకలా నడుస్తున్నావు?" అంది అన్నిట్లోకీ చిన్నది.

"దీన్ని కుంటడం అంటారు నాన్నా. కాలు నొచ్చినవాళ్ళు అలా నడుస్తారు."

"నీకు నొప్పి ఎక్కడ?"

తీతువమ్మ నాలుగింటినీ రెక్కల కిందికి లాక్కుంది. "ఇంకా రాలేదమ్మా. మీకేమన్నా అయితే వస్తుంది. అందరికీ నొప్పి వచ్చాక కుంటు వస్తుంది. అమ్మ మాత్రం నొప్పి రాకముందే కుంటాలి."

అప్పటినుంచే తీతువు పిట్ట, గుడ్లు పెట్టిన రోజుల్లో మనిషి వచ్చినా మంద వచ్చినా నక్క వచ్చినా, రెక్క నేలకు జార్చి, కాలు ఈడ్చి, కుంటుకుంటూ ముందు నడుస్తుంది. మీకెప్పుడైనా బీడులో అలా కుంటే తీతువు కనబడితే దాని వెంటపడకండి. దాని కాలికి ఏమీ కాలేదు. మీరున్నచోటే ఆగి, కింద చూసుకుని, వచ్చిన అడుగుల్లోనే అడుగులేసుకుంటూ వెనక్కి రండి.